లండన్ నుంచి పారిస్‌కు గంటా పది నిమిషాలు

దుబాయ్‌లోని నైఫ్ పేటలో, మా గదిలో పదకొండు మందిమి ఉండేవాళ్ళం. లండన్ నుంచి పారిస్ ఎంత దూరమో తెలిసినవాడు లింబాద్రి ఒక్కడే. తెలిసి ఏం బావుకుంటాడని నేను విసుక్కునేవాణ్ణి. ఆర్మూరు దగ్గరి మనిషి. దేరాలో ఒక ట్రావెల్ ఆఫీసులో ఊడ్చి, చాయ్ పోసేవాడు. అక్కడ గోడమీద యూరప్ ఊళ్ళ మధ్య దూరాలు, విమానానికి పట్టే సమయం రాసిన బోర్డు ఉండేది. టికెట్లు రాసే హైదరాబాదీ సనావుల్లా చదివి చెబితే అంతా కంఠతా పట్టాడు.

"లండన్ కెల్లి పారిస్ మూడు వందల నలభై కిలోమీటర్లు మాస్టరూ. గంటా పది నిమిషాలల్ల దించుతడు," అనేవాడు నాతో. నేను దర్జీని, అందరికీ మాస్టర్నే.

"నిన్నెవడు రమ్మన్నాడయ్యా అక్కడికి?"

అతనికి కోపం రాదు. "మనకు బొంబాయి మూడు గంటలే గద. ఇయ్యాల ఎక్కితే రేపు మాపటికి ఇంటికాడుంట."

అతను దుబాయ్ వచ్చాక ఇంటి దగ్గర కూతురు పుట్టింది. మూడేళ్ళు నిండినా ఇంకా చూడలేదు. ఆ లెక్కలన్నీ ఆ పిల్ల కోసమేనని నాకు ఆలస్యంగా తట్టింది.

ఎనభై మూడు జూలైలో టెలిగ్రాం వచ్చింది. పిల్లకు జ్వరం, ప్రమాదంగా ఉంది, వెంటనే రమ్మని. సనావుల్లా ఆ గంటలోనే బొంబాయికి సీటు పట్టాడు. కానీ పనివాళ్ళ పాస్‌పోర్టులన్నీ కఫీల్ ఇనప్పెట్టెలో ఉంటాయి. ఆ అరబ్బు యజమాని ఇస్తే తప్ప ఎవరూ దేశం దాటలేరు. అతనేమో ఎండలు తప్పించుకోవడానికి లండన్ వెళ్ళాడు, తాళంచెవితో సహా.

లండన్ హోటల్‌కు టెలెక్స్ కొట్టారు. నిన్ననే పారిస్ వెళ్ళారన్నారు. పారిస్‌కు కొడితే, పొద్దున్నే జెనీవా వెళ్ళారని జవాబు.

"పారిస్ కెల్లి గది గంటనే," అన్నాడు లింబాద్రి బోర్డు వంక చూస్తూ.

జెనీవా నుంచి జవాబే లేదు. సనావుల్లా రోజూ సీటు మర్నాటికి మారుస్తూ పోయాడు. తొమ్మిదో రోజున రెండో టెలిగ్రాం వచ్చింది. ఇక రానక్కర్లేదని ఉంది అందులో.

కఫీల్ చెడ్డవాడేం కాదు. తిరిగొచ్చిన రోజే పాస్‌పోర్టు, టికెట్టు చేతిలో పెట్టి, భుజం పట్టుకుని ఇంటికి వెళ్ళమన్నాడట. లింబాద్రి రెండూ బల్లమీద పెట్టేసి, "ఖలాస్ సాబ్," అని గ్లాసులు కడగడానికి వెళ్ళాడు. పదకొండు మంది మధ్య అంత ఒంటరిగా బతికిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆగస్టు చివర్లో ఒక శుక్రవారం, సెలవు మధ్యాహ్నం, లింబాద్రి పక్క ఊరి మనిషి ఒక క్యాసెట్టు తెచ్చిచ్చాడు. ఉత్తరం రాయడం రాని ఇళ్ళవాళ్ళు మాటలు అలా పట్టి, వచ్చేవాళ్ళ చేత పంపేవారు. ఆ మనిషి వీసా అందక బొంబాయిలో రెండు నెలలు పడి ఉన్నాడు. అంటే ఈ మాటలు జ్వరానికి ముందువి. వద్దన్నాను. లింబాద్రి వినకుండా నా టేప్‌రికార్డర్‌లో పెట్టాడు.

భార్య సాయవ్వ గొంతు వినిపించింది. "మాట్లాడు బిడ్డా. నాయిన ఇంటడు."

తర్వాత చిన్న గొంతు అడిగింది. "ఏ నాయిన?"

అతను వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పెట్టాడు. గదిలోవాళ్ళు ఒక్కొక్కరే చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయారు. నేనూ వెళ్ళిపోయాను. అందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.