మంచె అత్త చూడలేని లోయ

మా మేనత్తని అందరూ మంచె అత్త అంటారు. కొండ నెత్తిన అడవి ఆఫీసు వాళ్లు కట్టిన ఇనుప వాచ్ టవర్‌లో ఆమె ఉద్యోగం. పొద్దున్నే ఎక్కి చీకటి పడేదాకా చుట్టూ అడవిని చూడటం, ఎక్కడైనా పొగ లేస్తే వైర్‌లెస్‌లో పట్నంలోని ఫైర్ స్టేషన్‌కి చెప్పటం. వినడానికి ఇంతే. నడి ఎండాకాలంలో ఆ రేకుల కప్పు కింద కూర్చుని, కునుకు తీయకుండా చూస్తే తెలుస్తుంది. అత్తకి ముందు చేసినవాళ్లు ఒక్క వేసవికే దండం పెట్టి దిగిపోయారు. అత్త పెళ్లయిన కొత్తలో ఎక్కింది, మామయ్య పోయాక కూడా దిగలేదు.

పొగ రంగు చూసి ఏం కాలుతోందో చెప్పేది. ఎవరి పొయ్యి ఎప్పుడు రాజుకుంటుందో కూడా ఆమెకి తెలుసు. సంతకి దిగినప్పుడు ఆడవాళ్లని పట్టుకుని, "ఏమ్మా, నిన్న నీ పొయ్యి వెలగలేదు, మొగుడి మీద అలకా?" అని నలుగురిలో అడిగేసేది. వాళ్లు సిగ్గుతో చచ్చిపోయేవాళ్లు. తన కళ్ల మీద ఆమెకి కాస్త గర్వం ఉండేది. ఉండొద్దూ మరి?

మా నాన్న ఆమెకి ఒక్కగానొక్క తమ్ముడు. మా ఇల్లు మంచెకి అవతల, గట్టులాంటి చిన్న కొండ దాటాక వచ్చే లోయలో. గుప్పెడు ఇళ్లు, మేకలు, చుట్టూ నిలువెత్తు గడ్డి. ఫోన్ మాట్లాడాలన్నా గట్టెక్కాల్సిందే. వేసవిలో గాలి తిరిగినప్పుడల్లా అమ్మ భయపడేది. నాన్న మాత్రం, "పైన అక్క ఉండగా మనకేం భయమే" అని గుర్రు పెట్టి నిద్రపోయేవాడు. అత్త కూడా వచ్చినప్పుడల్లా అదే మాట. "నేను చూస్తూనే ఉంటాన్రా, నువ్వు హాయిగా ఉండు."

ఒక ఏడాది చలికాలం చివర పట్నం నుంచి మ్యాపు మేడమ్ వచ్చింది. అడవి మంటలు లేస్తే ఏ పల్లెకి సాయం అందుతుంది, ఏ పల్లెకి అందదు అన్నది మ్యాపు మీద రంగులు వేసి తేల్చడం ఆమె పని. ఒక్కో పల్లెలో ఇనుప డ్రమ్ములో ఎండుగడ్డి వేసి కాలుస్తారు. వేసవిలో కాలేది అదేగా. ఆ పొగ మంచె మీదికి కనపడితే ఆకుపచ్చ. కనపడకపోతే తెలుపు, అంటే ఖాళీ. ఖాళీ పడ్డచోటికి ముందుగా ఒక నీళ్ల బండి, ఒక కాపలా మనిషి వస్తారని చెప్పారు. ఎవరైనా ఖాళీయే కోరుకోవాలి కదా!

కానీ సంతలో ఇంకో మాట పుట్టింది. ఖాళీలు ఎక్కువైతే అత్త చూపు మందగించిందని ఇంటికి పంపేస్తారట. ఎవరు పుట్టించారో వాళ్ల నోరు పడిపోను. ఆ మాట నాన్న చెవిన పడింది.

మా లోయ వంతు వచ్చిన రోజు డ్రమ్ముతో ఒకే ఒక్క మనిషి వచ్చాడు. నాన్న అతన్ని, "ఎండనపడి వచ్చారు, ముందు టీ తాగండి" అని లోపలికి తోసి, పొగ చిక్కగా లేవాలని పెరట్లో డ్రమ్ము నిండా పచ్చి ఆకులు, తడి గోనెలు కుక్కాడు. టీ ఇస్తూ నేను కిటికీలోంచి చూస్తే, తెల్లటి పొగ గట్టు దాటి ఆకాశంలోకి లేస్తోంది. మంచెతో మాట్లాడటానికి వైర్‌లెస్ మనిషి ఒకడు గట్టు మీదే ఉన్నాడు. "కనపడింది! మా తమ్ముడి పెరడు!" అని అత్త అతని సెట్టులో కేకేసిందట. సాయంత్రం నాన్న గట్టెక్కి ఆమెకి ఫోన్‌లో ఉన్నదంతా చెప్పాడు. "నువ్వు పచ్చాకులు పెట్టకపోయినా నాకు కనపడేదిరా వెధవా" అని అత్త పడీ పడీ నవ్విందట. ఇంటికొచ్చి మాకు చెబుతూ నాన్న కూడా నవ్వాడు. మ్యాపు మీద మా లోయకి ఆకుపచ్చ పడింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆ వేసవిలోనే, మధ్యాహ్నం పూట, లోయ అడుగున గడ్డి అంటుకుంది. ఎండిన గడ్డికి పెద్ద పొగ రాదు. వచ్చిన కాస్తనీ గాలి నేలకి అణిచేసింది. నాన్న అమ్మనీ నన్నూ ఇంటి పక్కనున్న వాగు వైపు తోశాడు. "మీరు దాటండి, నేను మేకల్ని వదిలి వస్తా. అక్క ఈపాటికి చూసే ఉంటుంది. బండి దారిలో ఉంటుంది" అన్నాడు. మేకలన్నీ వచ్చేశాయి. నాన్న తడి గోనెతో మంటని కొడుతూ దొడ్డి దగ్గరే నిలబడ్డాడు, బండి వచ్చేదాకా ఇల్లు కాపాడదామని. గట్టు మీది చెట్లు అంటుకున్నాక గానీ మంచెకి పొగ కనపడలేదు. ఫైరింజన్ వచ్చేసరికి మాకు ఇల్లూ లేదు, నాన్నా లేడు.

అత్తని ఎవరూ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేదేమో. నాన్నని సాగనంపిన మర్నాడే ఆమె నన్ను వెంటబెట్టుకుని మ్యాపు మేడమ్ దగ్గరికి వెళ్లింది.

"ఆ లోయ ఖాళీ, మేడమ్. రంగు మార్చండి."

"కనపడిందని మీరే చెప్పారు కదమ్మా."

"అది మా తమ్ముడు నాకోసం పెట్టిన దొంగ పొగ. నాకు తెలిసీ నవ్వి ఊరుకున్నాను. కావాలంటే నా ఉద్యోగం తీసెయ్యండి. మిగిలిన ఇళ్లవాళ్లకి బండి రావాలంటే ఆ రంగు తీసెయ్యాలి."

మేడమ్ మ్యాపు తెరిచి, మళ్లీ పరీక్షకి రోజు పెట్టింది.

ఈసారి డ్రమ్ము నేనే వెలిగించాను, మాడిన మా పెరట్లో. ఒట్టి ఎండుగడ్డి. పొగ నా చుట్టూనే తిరిగి కళ్లల్లో పడింది, గట్టు దాకా పోలేదు. గట్టు మీదున్న వైర్‌లెస్ మనిషి తర్వాత చెప్పాడు. కనపడలేదని అత్త వెంటనే అనలేదట. అంతసేపు సెట్టులో ఆమె ఊపిరి ఒక్కటే వినపడిందట. ఆఖరికి, "లేదు. ఖాళీ అని రాసుకోండి" అందట.

సాయంత్రం నేను మంచె ఎక్కాను. అత్త ఇంకా బైనాక్యులర్స్‌తో మా లోయ వైపే చూస్తోంది.

"పొగ బాగానే వచ్చిందా, అమ్మడూ?"

"వచ్చింది అత్తా."

"ఆ రోజు మీ నాన్న నా గురించి ఏమైనా అన్నాడా?"

ఇన్నాళ్లూ ఆమె అడగని ప్రశ్న అది. నేను భయపడుతూ వచ్చింది కూడా దానికే.

"ఏమీ అనలేదు. అంత టైమెక్కడిది?"

అత్త నా వైపు తిరగలేదు. "నీకు అబద్ధం చెప్పడం రాదే. వాడికీ వచ్చేది కాదు. నాకోసం ఒక్కసారి చెప్పాడు" అంది. బైనాక్యులర్స్ దించకుండానే మళ్లీ అంది: "వాగు పక్కనే ఉంది. వాడు పరిగెత్తాల్సింది. నేను చూస్తున్నానని చెప్పి చెప్పి, వాణ్ణి అక్కడ నిలబెట్టింది నేనే."