దారంతో కొలిచిన చెయ్యి

నా చిన్నప్పుడు మనిషికి రెండు చేతులూ అచ్చం ఒకేలా ఉంటాయని నాకు గట్టి నమ్మకం. ఎవరూ చెప్పలేదు, నాకు నేనే అనుకున్నాను. ఆ నమ్మకం పుణ్యమా అని పదకొండో ఏట దాదాపు నెల రోజులు చావు భయంతో బతికాను. ఇప్పుడు అరవై ఆరేళ్ల వయసులో తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు ఎవరైనా నవ్వి ఉంటే మీద పడి కొరికేదాన్ని.

మాది జఫర్‌గఢ్ దగ్గర ఒక ఊరు. వానాకాలం వచ్చిందంటే నాయిన ఎడ్ల వెంట, అమ్మ కూలీల వెంట, నేను బడి ఎగ్గొట్టి అమ్మ వెంట. నాకు ఇచ్చే పని నారు పీకడం. గట్టు మీద నిలబడి చూసేవాళ్లకు అది ఆటలా కనిపిస్తుంది. బురదలో వంగి గుప్పెడు మొక్కలు దొరకబుచ్చుకుని, మణికట్టు తిప్పి లాగి, వేర్లకు పట్టిన మట్టి పోయేలా కాలికేసి కొట్టి, కట్ట కట్టి పక్కన పెట్టాలి. పొద్దంతా అదే. మా వైపు ఆడవాళ్లందరికీ నాట్ల కాలంలో మణికట్లు సలుపుతాయి. సాయంత్రం వేడినీళ్లు పోసుకుని, నూనె రాసుకుని, మర్నాడు మళ్లీ మడిలో దిగేవాళ్లు. నాట్లు అయిపోతే ఆ నొప్పులూ పోయేవి.

నాది పోలేదు. నాట్లు అయిపోయి పదిహేను రోజులైనా కుడి మణికట్టు బొటనవేలి వైపు అలాగే సలుపుతూనే ఉంది. చెంబు ఎత్తితే నొప్పి, తలుపు గొళ్లెం తీస్తే నొప్పి, ఒక్కోసారి ఏమీ చేయకపోయినా నొప్పి. పైకి చూస్తే ఏమీ లేదు. దెబ్బ తగలలేదు, కమిలిపోలేదు. కనిపించే దెబ్బ అయితే అమ్మకు చూపించి ఏడ్చేదాన్ని. ఏమీ కనిపించకపోవడమే నన్ను చంపింది.

ఎందుకంటే అంతకు ముందు ఏడే మా వాడకట్టులో ఒక పెద్దాయన పోయాడు. మోకాలి కింద రాచపుండు. వరంగల్‌లో కాలు తీసేశారు, అయినా దక్కలేదు. ఆ మాటను అందరూ గొంతు తగ్గించి అనేవాళ్లు. "ముందుగాల్ల ఉత్త నొప్పేనట, పైకేం కనవడలేదట" అని మా చిన్నమ్మ ఎవరితోనో అంటుంటే విన్నాను. పిల్లలు పక్కనుంటే పెద్దవాళ్లు గొంతు తగ్గిస్తారు, పిల్లల చెవులు అప్పుడే బాగా పనిచేస్తాయి.

ఇక నేను నా వైద్యం మొదలుపెట్టాను. అమ్మ జాకెట్లు కుట్టుకునే డబ్బాలోంచి మూరెడు నల్లదారం తీసి, రోజూ పొద్దున్నే కొట్టం వెనక్కి వెళ్లి ఎడమ అరచేతి చుట్టూ, గాజు బిగుసుకునే చోట, చుట్టి ముడి వేసేదాన్ని. ఆ ముడి విప్పకుండా జాగ్రత్తగా తీసి కుడి చేతికి ఎక్కించబోతే పట్టేది కాదు. వేలి కణుపుల దగ్గరే బిగుసుకుపోయేది. కుడి చెయ్యి లావెక్కుతోంది. లోపల ఏదో పెరుగుతోంది. అంతకు ముందు అది ఎలా ఉండేదో ఎప్పుడూ కొలిచి చూడలేదన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. కొలవడం అయ్యాక నొప్పి ఎంతుందో చూడటానికి బొటనవేలితో గట్టిగా వత్తేదాన్ని. బడిలో వత్తేదాన్ని, అన్నం తింటూ వత్తేదాన్ని. వత్తినప్పుడల్లా నొప్పి ఉండేది. ఎందుకుండదు?

ఆ రోజుల్లో మా బడిలో నా దస్తూరికి పేరు. బోర్డు మీద సామెతో, తారీఖో రాయాలంటే సారు నన్నే పిలిచేవారు. ఆ చెయ్యి తీసేస్తారని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. తీసేశాక ఏం చేయాలో కూడా ఆలోచించుకున్నాను. పలక తీసుకుని, ఎవరూ లేనప్పుడు ఎడమ చేత్తో అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాను. అక్షరాలు తాగినవాడి నడకలా వచ్చేవి. తుడిచి మళ్లీ రాసేదాన్ని. పదకొండేళ్ల పిల్ల తన చెయ్యి లేని బతుక్కు ఒంటరిగా తయారవుతుంటే ఇంట్లో ఎవరికీ తెలియదని అనుకున్నాను.

శ్రావణంలో మా ఊళ్లో బోనాలు. దానికి ముందు తొర్రూరు నుంచి గాజుల అవ్వ వచ్చేది. గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరూ తిరిగే మనిషి. నోరు పెద్దది, చెయ్యి మాత్రం వెన్న. ఎంత బిగువు గాజైనా ఆమె పట్టుకుంటే నొప్పి తెలియకుండా ఎక్కేది. మా అరుగు మీద మలారం దించిందంటే వాడకట్టు ఆడవాళ్లంతా చేరేవాళ్లు. ఆ రోజు నా వంతు వచ్చింది. ఎడమ చేతికి ఆరు పచ్చగాజులు వేసి, కుడి చెయ్యి ఇమ్మంది. నేను చెయ్యి వెనక్కి దాచుకున్నాను.

"ఏందే బిడ్డా, గాజులంటె ఉరికొచ్చే పోరివి, ఇయ్యాల గుంజుకుంటున్నవు?" అంటూ చెయ్యి అందుకుంది. ఆమె బొటనవేలు సరిగ్గా ఆ చోటే పడింది. నేను కెవ్వుమన్నాను.

అవ్వ చెయ్యి వదల్లేదు గానీ పట్టు సడలించింది. ఎన్నొద్దుల సంది అని మెల్లగా అడిగింది. అంతే, నెల రోజులు ఆపుకున్నదంతా కట్ట తెంచుకుంది. నొప్పి సంగతి, రాచపుండు సంగతి, చెయ్యి తీసేస్తారన్న సంగతి, అన్నీ వెక్కుతూ చెప్పేశాను. జేబులోంచి దారం తీసి, "కుడిది లావైతుంది అవ్వా, రోజు కొలుస్తున్న" అన్నాను. అమ్మ ముఖంలో నెత్తురు లేదు.

గాజుల అవ్వ ఆ దారం తీసుకుని ఒకసారి చూసింది. తర్వాత అక్కడున్న ఆడవాళ్లందరినీ వరుసగా కూర్చోమంది. అమ్మ ఎడమ చేతికి దారం చుట్టి ముడి వేసి, దాన్ని కుడి చేతికి తొడగబోయింది. పట్టలేదు. చిన్నమ్మకూ పట్టలేదు. ఆ వరుసలో ఎవరికీ పట్టలేదు. పక్కింటి అక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం వదులుగా జారిపోయింది. నేను కళ్లు తుడుచుకుని ముందుకు జరిగాను. ఆ అక్క కొడవలి పట్టేది ఎడమ చేత్తో. అది గుర్తొచ్చి అందరూ ఒక్కసారి గొల్లుమన్నారు, అక్క కూడా.

"నలభై ఏండ్ల సంది ఆడోళ్ల చేతులు వట్టుకొనే బతుకుతున్న," అంది అవ్వ. "రెండు చేతులు ఒక్కతీరు ఉన్నోళ్లను నేనైతె సూడలె. పనిజేసే చెయ్యి జర లావుంటది బిడ్డా. గందుకే కుడి చేతికి ఎప్పుడు ఒక సైజు పెద్దదే తీస్త. నువ్వు ఎన్నడు సూడలేదా?"

చూడలేదు. ఆరేడేళ్లుగా ఆమె చేత గాజులు వేయించుకుంటూ కూడా చూడలేదు. నా ఒంట్లోంచి ఒక బస్తా బరువు దిగినట్టయింది. అయినా మొండి పిల్లను కదా, మరి నొప్పి ఎందుకుందని అడిగాను.

ఆమె నవ్వడం ఆపేసింది. ఇన్నేళ్లయినా ఆ ముఖం నాకు కళ్లకు కట్టినట్టుంది. ఏదో పేరు పెట్టి, ఏ ఆకో రుద్దమని చెప్పి ఉంటే ఆ రోజు అందరూ నమ్మేవాళ్లు. ఆమె మాటంటే అంత గురి.

"గది నాకు తెల్వదు," అంది. "గాజులు ఎక్కియ్యుడు తెలుసు, బొక్కల సంగతి నాకేం ఎరుక? గది దవాఖానోళ్ల పని." అమ్మ వైపు తిరిగి, రేపే తీసుకెళ్లమని గట్టిగా చెప్పింది. మళ్లీ నాతో, "నువ్వు దాన్ని వత్తుడు బంద్ వెట్టు. మామిడికాయనన్న పొద్దుమాపు వత్తితె మెత్తవడదా?" అంది. కుడి చేతికి తీసిన ఆరు గాజులను గుడ్డముక్కలో చుట్టి తన మలారంలోనే పెట్టుకుంది. బతుకమ్మకు మళ్లీ వస్తాననీ, అప్పుడు వేస్తాననీ చెప్పింది. బతుకమ్మ నాటికి ఆ చెయ్యి అక్కడే ఉంటుందని ఆమెకు ఏ అనుమానమూ లేదు. నా భయానికి మందంటూ ఏదైనా పడిందంటే అది ఆ గుడ్డమూటే.

మర్నాడు అమ్మ, నేను వరంగల్ బస్సెక్కాం. పెద్ద దవాఖానలో కళ్లద్దాల డాక్టరు చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు, ఎక్స్‌రే ఫోటో తీయించాడు. ఎముకలో ఏమీ లేదన్నాడు. నొప్పి ఎందుకో మాత్రం తెలియడం లేదన్నాడు. ఇరవై రోజులు చేతికి పని చెప్పొద్దన్నాడు, వాపు గానీ జ్వరం గానీ వచ్చినా, నిద్రలోంచి లేపేంత నొప్పి ఉన్నా ఆగకుండా రమ్మన్నాడు. అమ్మకు అది చాలలేదు.

"ఎందుకొచ్చిందో తెల్వకుంటె ఎట్ల సారూ?"

"తెలియనంత మాత్రాన చెడ్డదని కాదు తల్లీ. కనిపెట్టి ఉందాం," అన్నాడాయన.

తిరుగు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. బయటికి చూస్తూ, నా వైపు తిరక్కుండానే అంది: "పలక మీద ఎడమ చేత్తోని రాస్తున్నవు గదా. నేను సూసిన."

నేను ఎడమ చెయ్యి ఒళ్లో దాచుకున్నాను.

"వారం సంది సూస్తున్న. అడుగుదామంటె భయమైంది. అడిగితె ఏం జెప్తవో అని."

అంటే అంతకాలం ఒకే ఇంట్లో ఒకే చెయ్యి గురించి ఇద్దరం భయపడ్డాం, ఎవరికి వాళ్లం, చెరో మూలన. నేను అమ్మ బాధపడుతుందని చెప్పలేదు, అమ్మ నేను ఏం చెబుతానో అని అడగలేదు. నాకు అమ్మ మీద కోపమొచ్చింది, వెంటనే జాలేసింది. ఆమె భుజానికి ఆనుకుని ఏడ్చాను, ఆమె కూడా ఏడ్చింది. వర్ధన్నపేట రాకముందే ఇద్దరికీ ఆకలేసింది. మూటలోని సద్ది విప్పుకుని తిన్నాం.

ఆ నొప్పి ఏ రోజు పోయిందో నాకు గుర్తు లేదు. బతుకమ్మకు గాజుల అవ్వ వచ్చి తన మాట నిలబెట్టుకునేసరికి అది లేదన్నది మాత్రం నిజం. ఎందుకొచ్చిందో, ఎందుకు పోయిందో ఈనాటికీ తెలియదు. తర్వాత ముప్పై ఏళ్లు పంతులమ్మగా పనిచేశాను. పిల్లలు అడిగినదానికి జవాబు తెలియకపోతే తెలియదనే చెప్పాను. ఆ మాట అనడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు.

ఈ మధ్య అదే మణికట్టు మళ్లీ నొప్పి. ఈసారి చిన్న గట్టిదనం కూడా చేతికి తగిలింది. నెల రోజులు దాచి కూర్చునే పని పెట్టుకోలేదు, తగిలిన రోజే కొడుక్కి చెప్పాను. వరంగల్‌లో రక్తపరీక్షలు చేశారు, స్కానింగ్ తీశారు, సూదితో కాస్త తీసి పరీక్షకు పంపారు. అదేమిటో ఇప్పుడే చెప్పలేమనీ, రిపోర్టు సోమవారం వస్తుందనీ ఆ డాక్టరమ్మ చెప్పింది. నా కొడుకు ముఖం వాడిపోయింది. నేను ఆమెకు దండం పెట్టి లేచాను. తెలియనిదాన్ని తెలుసునని చెప్పని మనిషి మీద నాకు వెంటనే గురి కుదురుతుంది.

కారులో వర్ధన్నపేట దాకా వాడు పాటలు పెట్టాడు, తీసేశాడు. ఇల్లు దగ్గరికొస్తుండగా నేనే అడిగాను.

"నాకైతె భయంగనే ఉన్నది నాయినా. నీకు?"

వాడు బండి పక్కకు ఆపాడు. చిన్నప్పుడు జ్వరమొచ్చినప్పుడు పెట్టే ముఖం పెట్టాడు, నలభై ఏళ్లవాడు.

"ఉన్నదమ్మా. నీ ముందట అంటె నువ్వు పరేషాన్ అయితవని ఊకున్న."

ఆ పూట ఇద్దరం అక్కడే, చింతచెట్టు పక్కన తోపుడుబండి దగ్గర మిర్చిబజ్జీలు తిని, చాయ్ తాగి ఇంటికొచ్చాం. రిపోర్టులో ఏముంటుందో నాకు తెలియదు. ఏమీ లేకపోతే సంతోషం, ఏదైనా ఉంటే దానికీ ఒక దారి చూసుకుంటాం. సోమవారం పొద్దున కారు తీస్తానన్నాడు వాడు. వద్దు, బస్సులో పోదామన్నాను. కారు నడిపితే వాడి చూపు రోడ్డు మీద ఉంటుంది. బస్సులో అయితే నా పక్కన కూర్చుంటాడు.