ఓబులమ్మకు ఢిల్లీ నుంచి వచ్చిన ఉత్తరం

నిన్న పొద్దున ఓబులమ్మ పెద్ద కూతురు ఫోన్ చేసింది. "పద్మత్తా, అమ్మ పోయింది" అంది. అంతే.

స్టవ్ మీద పాలు పొంగి పోతున్నా చూస్తూ నిలబడిపోయాను.

ఆదివారమే వీడియో కాల్‌లో మాట్లాడింది. జుట్టుకు రంగెయ్యడం ఎప్పుడు మానేస్తావని ఏడిపించింది కూడా.

మధ్యాహ్నానికి ఆళ్ళగడ్డ వెళ్ళాను. అందరూ ఆమె గురించి మంచి మాటలు చెప్పారు. చిన్ననాటి స్నేహితురాలివి, నువ్వూ చెప్పమన్నారు. లేచి బయటికి వచ్చేశాను.

అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. ఆమె పిల్లలు చదువుతారని తెలిసే రాస్తున్నాను.

నేను ఓబులమ్మను చూసి జీవితమంతా కుళ్ళుకున్నాను.

1957. నంద్యాలలో ఫోర్త్ ఫారం, అంటే ఇప్పటి నైన్త్ క్లాస్. నేను గుమస్తా గారి అమ్మాయిని. ఇంగ్లీషులో క్లాస్ ఫస్ట్. ఓబులమ్మది ఆళ్ళగడ్డ పక్కన పల్లె. సేద్యం చేసే ఇల్లు. ఊళ్ళో బడి అయిదో క్లాసుతో ఆగిపోతే, నంద్యాలలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేది.

ఒకరోజు సోషల్ టీచరమ్మ ఢిల్లీ విద్యామంత్రి గురించి పాఠం చెప్పారు. తెల్లవాళ్ళ కాలంలో వైస్రాయి కౌన్సిల్‌లో ఒక మెంబరు ఈ పని చూసేవాడట. స్వాతంత్ర్యం వచ్చాక అది మన మంత్రి చేతికి వచ్చింది. కానీ ఊళ్ళలో బళ్ళు పెట్టేది రాష్ట్ర ప్రభుత్వమే. ఢిల్లీ మంత్రి యూనివర్సిటీలు, స్కాలర్‌షిప్‌లు చూస్తాడు. రాష్ట్రాలకు సలహా చెబుతాడు.

తర్వాత తలా ఒక ఉత్తరం ఆయనకు ఇంగ్లీషులో రాయమన్నారు.

నేను రెండు పేజీలు రాశాను. మా నాన్న దిద్దిపెట్టాడు. మంత్రిగారు దేశానికి వెలుగు అనీ, విద్యాదాత అనీ.

ఓబులమ్మ నాలుగు లైన్లు రాసింది. మినిస్టర్ స్పెల్లింగ్ కూడా తప్పే. మా ఊళ్ళో అయిదు తర్వాత బడి లేదు, మా అత్తావాళ్ళు నంద్యాల విడిచి వెళ్తున్నారు, నేను ఎక్కడుండి చదవాలి? అంతే ఉంది అందులో.

టీచరమ్మ అన్నీ ఒకే కవర్లో పెట్టి పోస్ట్ చేశారు.

నెలన్నర తర్వాత జవాబు వచ్చింది. ఒక్కటే. ఓబులమ్మ పేరు మీద.

మంత్రి సంతకం కాదు, ఆయన ఆఫీసులో అధికారిది. అయినా ఢిల్లీ ముద్ర ఉన్న కాగితం. స్కూలంతా వచ్చి ముట్టుకుని చూసింది. నాకు ఎందుకు రాలేదని టీచరమ్మను అడిగేశాను.

"నువ్వు ఆయన్ను పొగిడావు. ఆ పిల్ల ఆయన్ను అడిగింది" అన్నారు.

ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ఆ మరుసటి రోజు శనివారం. ఓబులమ్మ నాయన వచ్చాడు. మేనత్త ఇల్లు ఖాళీ చేస్తోంది కాబట్టి కూతురిని తీసుకుపోవడానికి. టీచరమ్మ ఉత్తరం పూర్తిగా చదవకుండానే ముందురోజు సాయంత్రం ఊరెళ్ళారు. ఓబులమ్మ ఉత్తరం తెచ్చి నా చేతిలో పెట్టింది. తనకు ఇంగ్లీషు కూడబలుక్కుంటే గానీ రాదు.

"సదువు పాపా, ఏం రాసినారో" అన్నాడాయన.

ముందు పక్క చదివి తెలుగులో చెప్పాను. బళ్ళు పెట్టడం రాష్ట్రం పని, మంత్రిగారి చేతిలో లేదు, మీ ఉత్తరం అక్కడికి పంపాం.

వెనక పక్క కూడా ఉంది. పల్లె పిల్లలకు హాస్టల్లో చోటుకూ స్కాలర్‌షిప్‌కూ హెడ్‌మిస్ట్రెస్ ద్వారా అర్జీ పెట్టుకోవచ్చని. నేను అప్పటికే చూశాను.

కాగితం తిప్పలేదు. మడిచి ఇచ్చేశాను.

"ఆయప్ప చేతిలో గూడ ల్యాకపోతే ఇంగ మనమేం జేస్తాం" అని కూతురి ట్రంకుపెట్టె ఎత్తుకున్నాడు ఆయన. ఇద్దరూ ఆళ్ళగడ్డ బస్సెక్కారు.

నాకు బాధ కలగలేదు. ఇక క్లాసులో ఆ ఉత్తరం ఊసు ఉండదు కదా అనిపించింది. పదమూడేళ్ళ పిల్లకు అంత విషం ఎక్కడిదో ఇప్పటికీ తెలీదు.

సోమవారం పొద్దున హెడ్‌మిస్ట్రెస్ గది ముందు తండ్రీకూతుళ్ళు నిలబడి ఉన్నారు. ఆదివారమంతా ఓబులమ్మ ఒక్కో అక్షరం కూడబలుక్కుని వెనక పక్క చదివిందట.

ఆయన నన్ను చూసి దగ్గరికి వచ్చాడు. "ఏం పాపా, ఎనక గూడ ఉండాదంటనే?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే ఓబులమ్మ అంది: "తొందర్లో తిప్పేది మర్సిపోయింటుందిలే నాయనా. ఆ యమ్మికి నేనంటే పానం."

అంటూ నా కళ్ళలోకి చూసింది. ఆమెకు అంతా తెలుసు.

హాస్టల్లో చోటు దొరికింది. స్కాలర్‌షిప్ కూడా వచ్చింది. మళ్ళీ నా పక్కనే కూర్చుంది. ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది. క్షమించడంలోనూ నన్ను దాటిపోయిందని ఇంకా మండిపోయాను.

ఇద్దరం టీచర్లమయ్యాం. ఆమె హెడ్‌మిస్ట్రెస్ అయింది, నేను కాలేదు. ప్రమోషన్ వచ్చిన రోజు నాకే మొదట స్వీట్ తెచ్చింది. తలనొప్పి అని తినలేదు.

ఆళ్ళగడ్డ చుట్టుపక్కల పల్లెల నుంచి ఎంతమంది ఆడపిల్లలను హాస్టల్లో చేర్పించిందో. ఇల్లిల్లూ తిరిగేది. తండ్రులతో పోట్లాడేది. ఒక్కో అర్జీ తనే కూర్చుని రాసిచ్చేది.

నిన్న ఆ పిల్లలందరూ వచ్చారు. ఇప్పుడు వాళ్ళకూ జుట్టు నెరిసింది. వాకిట్లో చోటు చాలక రోడ్డు మీద నిలబడి ఏడుస్తున్నారు.

అది చూసి నా మనసులో మొదట వచ్చిన మాట ఏమిటో తెలుసా? నేను పోతే ఇంతమంది రారు.

శవం పక్కన నిలబడి కూడా అదే బుద్ధి.

ఓబులమ్మా, ఆ రోజు మర్చిపోయి కాదు, కావాలనే తిప్పలేదు. నీకు తెలుసు. నీ పిల్లలకు మాత్రం ఈ రోజే తెలుస్తోంది. ఇన్నేళ్ళలో నీతో ఒక్కసారి కూడా ఈ మాట అనలేకపోయాను.

పోయిరామే. యాడున్నా నిమ్మళంగా ఉండు.