గుడ్లు తిప్పొద్దు

ఆ రోజుల్లో నేను చాలా చిన్నదాన్ని. వయసులో అనుకునేరు, కాదు. వయసు అప్పటికే నలభై ఆరు. ఇద్దరు బిడ్డల పెళ్లిళ్లు అయిపోయి, మోకాళ్లు కూర్చుంటే లేవనని, లేస్తే కూర్చోనని పేచీ పెట్టే వయసు. చిన్నదాన్నని అంటున్నది అక్షరాల విషయంలో. తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్లకు నేను పలక పట్టాను. పలక పట్టిన పిల్లలకు ఉండే ఆత్రం, గొప్పలు, దొరికిపోయే అబద్ధాలు అన్నీ నాకూ ఉండేవి. నడివయసులో వచ్చిన ఆ చిన్నతనాన్ని తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ నవ్వు వెనక ఒక గుడ్డు ఉంది. పాము గుడ్డు.

మాది దేవరకొండ దగ్గర మగ్గం ఇల్లు. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ నా పని మగ్గానికి నూలు కండెలు చుట్టడమే. మగ్గం మూలపడ్డాక మా ఆయన, నేను, మా అత్త ముగ్గురం నార్కట్‌పల్లికి వచ్చి కిరాయి ఇంట్లో దిగాం. ఆయన రోడ్డు మీది హోటల్లో పనికి కుదిరితే, నేను పశువుల డాక్టరమ్మ ఇంట్లో కుదిరాను. ఒంటరి మనిషి, నాకంటే పదేళ్లు చిన్న. ఇల్లు ఊడవడం, వంట చేయడం నా పని అని చెప్పి, చివర్లో గొంతు తగ్గించి, "అక్కా, లోపలి గదిల రెండు పాములున్నయి. భయపడవు గద?" అంది. భయపడక ఏం చేస్తాను? చీపురు అక్కడే వదిలేసి గేటు దాకా వచ్చేశాను. ఆమె వెనకే వచ్చి, "ఒక్కసారి చూసి పో అక్కా, నచ్చకుంటే రేపటి సంది రాకు" అంది.

చూశాను. గాజు పెట్టెలో నూలుండ లాంటిదొకటి ఉంది. తల లోపల దాచుకుని, ఒళ్లంతా చుట్టుకుని, డాక్టరమ్మ ముట్టుకుంటే ఇంకా గట్టిగా ఉండ అయిపోయింది. గోధుమరంగు మీద నల్లటి పట్టీలు, వాటి మధ్య బంగారు మచ్చలు, మచ్చల అంచులు కొంచెం చెదిరినట్టు. మగ్గం ఇంటి ఆడదానికి అంచు చెదిరిన డిజైన్ చూస్తే వేరే ఆలోచన రాదు. భయం కంటే ముందే నోట్లోంచి మాట వచ్చేసింది: "గీ చిటికి ఎవరు కట్టిన్రు డాక్టరమ్మా?" (నూలుకు ముడులు కట్టి రంగులో ముంచడాన్ని మేం చిటికి అంటాం. ముడి దగ్గర రంగు అట్లాగే చెదురుతుంది.) ఆమె పడీ పడీ నవ్వింది. నా ఉద్యోగం అక్కడ ఖాయమైంది. ఆ పాముల అసలు పేరు ఇంగ్లీషులో బంతి కొండచిలువ అని ఏదో ఉందట. నాకు మాత్రం అవి ఉండపాములే. విషం లేదు, కోపం లేదు, భయమేస్తే ఉండ చుట్టుకోవడం తప్ప ఇంకో ఉపాయం లేదు. మన అడవిలోంచి పట్టుకొచ్చినవి కావు. ఎక్కడో దూరదేశపు జాతి, పెంపకంలోనే పుట్టినవి, రెండింటికీ సర్కారు కాగితాలున్నాయి. ఆ కాగితాలను డాక్టరమ్మ నా కంటే, ఆ పాముల కంటే జాగ్రత్తగా చూసుకునేది.

ఇంట్లో మాత్రం కాగితాలు చెల్లలేదు. మా అత్త పాము అనే మాట నోట పలకదు, పురుగు అంటుంది. "ఏందే, గా పురుగుల ఇంట్ల పనికి పోతవా? వచ్చేటప్పుడు కొంగు దులుపుకొని రా!" అని రోజూ గడప దగ్గర తనిఖీ. "నాగులపంచమికి పుట్టకాడికి పోయి పాలు పోస్తవు గద అత్తా. నేను గిన్నెల నీళ్లు పెడితే తప్పయితదా?" అన్నాను ఒకసారి. "నేను పాలు పోసి ఇంటికొస్త. నువ్వు దానికి పక్క గూడ మారుస్తున్నవు" అంది. అదీ నిజమే. కొంగు దులుపుకుని లోపలికి వెళ్లాను.

డాక్టరమ్మకు ఒకే ఒక కోరిక. ఆ జంటకు ఒక్క కాన్పు చేయించాలి, అదీ పద్ధతిగా. ఆడదానికి మూడేళ్లు నిండాలి, కిలోన్నర తూగాలి అని ఏడాదంతా ఆగింది. వారం వారం దాన్ని బుట్టలో పెట్టి తూచేది. ఈలోగా ఇంకో పని పెట్టుకుంది. పుట్టబోయే పిల్లలకు ఇళ్లు వెతకడం. ఇల్లు దొరకనిదే జోడీ కట్టేది లేదంది. ఫోన్లో ఆమె అడిగే ప్రశ్నలు వినాలి. "ఇరవై ముప్పై ఏండ్లు బతుకుతది. అన్నేండ్లు చూస్తరా? ఇంట్ల పెద్దోళ్లు ఒప్పుకున్నరా? ఊరికి పోతే ఎవరు చూసుకుంటరు?" ఈ సంగతి చెబితే మా అత్త బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. "నీ బిడ్డలకు సంబంధాలు చూసేటప్పుడు గిన్ని అడగలేదు గదనే మనం!" ముగ్గురు నలుగురిని వద్దన్నాక, ఐదిళ్లు కుదిరాయి. ఆ తర్వాతే, చలికాలంలో జోడీ.

నా చదువు కూడా ఆ గదిలోనే మొదలైంది. పెట్టెల మీద చీటీలు చూసి "ఇదేంది, అదేంది" అని అడుగుతుంటే డాక్టరమ్మ ఒకరోజు పలక తెచ్చి చేతిలో పెట్టింది. అచ్చులు వారంలో పట్టాను, హల్లులు నెలలో. గుణింతాలు కొంచెం ఏడిపించినా దారికొచ్చాయి. చిక్కంతా వత్తులతో. వత్తులంటే నాకు తెలిసినవి దీపంలో వేసేవే. అక్షరం కింద ఇంకో అక్షరం దాక్కుని ఉండటమేమిటో, పైదాన్ని చదవాలో కిందిదాన్ని చదవాలో అంతు చిక్కేది కాదు. సరిగ్గా అప్పుడే డాక్టరమ్మకు పని ఎక్కువై, "చదువుడు వచ్చింది గదా అక్కా ఇగ?" అని అడిగింది. నేను, నలభై ఆరేళ్ల మనిషిని, తల ఎత్తి, "మొత్తం వచ్చింది డాక్టరమ్మా" అన్నాను. ఇంట్లోనూ అదే చెప్పాను. ఆ తర్వాత ఎక్కడ వత్తు కనిపించినా చూడనట్టు దాటేసేదాన్ని. 'తలి' అంటే తల్లే కదా, 'నీళు' అంటే నీళ్లే కదా అని ఊహ మీద బండి నడిపించాను. నడిచింది కూడా.

ఎండలు ముదిరే వేళకు ఉండపాము ఆరు గుడ్లు పెట్టింది. కోడిగుడ్డు కంటే పెద్దవి, తెల్లనివి, తోలు తిత్తిలా మెత్తనివి. అవి ఒకదానికొకటి అతుక్కుపోకముందే డాక్టరమ్మ ఊపిరి బిగబట్టి విడదీసి, తడిపిన రవ్వ లాంటి పొడిలో వరసగా పెట్టి, వేడి చెదరకుండా థర్మాకోల్ పెట్టెలో దించింది. పైన గాజు మూత. "అక్కా, ఒక్కోదాని నెత్తి మీద పెన్సిల్‌తోని గుర్తు పెట్టు" అంది. గుర్తు ఎందుకో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. పేర్లు పెట్టమందేమో అనుకుని, నాలుక బయటపెట్టి, చెయ్యి వణక్కుండా అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ అని రాశాను. పలక కాకుండా ఇంకో చోట నేను రాసిన మొదటి అక్షరాలు అవే. రోజూ పనిలోకి వెళ్లగానే గాజు మూతలోంచి ఆ ఆరింటినీ వరసగా చదువుకుంటేగానీ చీపురు పట్టేదాన్ని కాదు.

పదో రోజో పదకొండో రోజో, ఆత్మకూర్‌లో డాక్టరమ్మ తల్లికి ఒంట్లో బాగాలేదని కబురొచ్చి ఆమె తెల్లారకముందే బయల్దేరిపోయింది. నేను వెళ్లేసరికి పెట్టె మీద చీటీ ఉంది. నాకోసం, నా ఒక్కదాని కోసం రాసిన చీటీ! నలభై ఆరేళ్లలో నాకొచ్చిన మొదటి ఉత్తరం అనుకోండి. మొదటి వరస: తల్లికి నీళ్లు మార్చాలి. వత్తులు దాటేశాను, అర్థమైంది. రెండో వరస: పెట్టె వేడి చూడాలి. అదీ అర్థమైంది. మూడో వరస: గుడ్లు తిప్పొద్దు.

నా చదువు ప్రకారం అది 'గుడు తిపొదు'. గుడు అంటే గుడ్లు, సరే. తిపొదు ఏమిటి? కూర్చుని ఆలోచించాను. తి-పొ-దు. తిప్పు... పొద్దు... ఓహో! తిప్పు, పొద్దున! గుడ్లు పొద్దున తిప్పమంటోంది! అర్థమయ్యాక నాకు అనుమానమే రాలేదు. పొదిగే కోడి ముక్కుతో గుడ్లను తిప్పుకోవడం నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే కదా. పాపం ఈ పాము తల్లి వేరే పెట్టెలో ఉంది, ఎవరు తిప్పుతారు మరి? నేనే. ఎంత నమ్మకముంటే నాకు ఒప్పజెప్పింది డాక్టరమ్మ, అనుకుని కళ్లు కూడా తడి చేసుకున్నాను.

చేతులు కడుక్కుని, మూత తీసి, 'అ' గుడ్డును రెండు వేళ్లతో పట్టుకుని కింది వైపు పైకి వచ్చేలా మెల్లగా తిప్పాను. తిప్పి చూస్తే 'అ' లేదు. గుడ్డు బోడిగా ఉంది. వరస 'ఆ' నుంచి మొదలవుతోంది. మనసు చివుక్కుమంది. అన్నీ తిప్పేస్తే ఇంక నేను పొద్దున్నే చదువుకునేది ఏముంటుంది? (ఆ ఐదు గుడ్లను కాపాడింది నా తెలివి కాదు, జాలి కూడా కాదు. నా చేతిరాత మీద నాకున్న మురిపెం.) డాక్టరమ్మ వచ్చాక అడిగి, అటువైపు కూడా అక్షరాలు రాసి అప్పుడు తిప్పుదాంలే అని మూత పెట్టేశాను.

మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. "అమ్మ జర నయమే అక్కా. ఫికర్ లేదు. గుడ్లు ఎట్లున్నయి?"

"మంచిగున్నయి డాక్టరమ్మా. నువ్వు రాసినట్టే పొద్దున తిప్పిన."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు వినిపించింది.

"అక్కా," అంది, చాలా నెమ్మదిగా. "ఎన్ని తిప్పినవు?"

"ఒక్కటే. అ. మిగిలినయి మనసొప్పలే."

"తిప్పొద్దు అని రాసిన అక్కా. తిప్పకు అని. పాము గుడ్డు కోడిగుడ్డు లెక్క కాదు. లోపల పిల్ల పైభాగానికి అంటుకొని ఉంటది, తిరిగితే మునిగిపోతది. గందుకే నెత్తి మీద గుర్తు పెట్టమన్న."

మళ్లీ మెల్లగా గుర్తు పైకి తెమ్మంది. ఆమె చెప్పినట్టే, ఊపిరి పీల్చడం మానేసి, 'అ' మళ్లీ పైకి వచ్చేలా గుడ్డును సర్దాను. పొద్దున తిప్పింది ఎంత సంబరంగానో, ఇప్పుడు అంత దడగా. తర్వాత ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, అప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట చెప్పాను. "డాక్టరమ్మా, నాకు వత్తులు రావు. వచ్చినయని అబద్ధం ఆడిన." తిడుతుందనుకున్నాను. "నేను అడిగి చూడాల్సింది అక్కా. చెప్పకుండ చీటీ పెట్టి పోయిన" అంది. తిట్టినా అంత ఏడుపు వచ్చేది కాదు.

రెండో రోజు ఆమె వచ్చి గది తలుపులు మూసి, 'అ' గుడ్డుకు టార్చి ఆనించి చూపించింది. లోపల ఎర్రటి దారాలు, సన్నని పడుగులా. "నెత్తురు నరాలున్నయి, పానముంది. గని ఇప్పుడే ఏం జెప్పలేం" అంది. 'అ' కోసం మాట ఇచ్చిన వాళ్లకు ఫోన్ చేసి, ఇది రావచ్చు రాకపోవచ్చు అని ఉన్నదున్నట్టు చెప్పింది. వాళ్లకు తను ఉంచుకుందామనుకున్న 'ఊ' ఇస్తానంది. తర్వాత పలక తెచ్చి నా ముందు పెట్టింది. నేను నేర్చుకున్న మొదటి వత్తుల మాట ఏదో చెప్పక్కర్లేదనుకుంటాను. పలక నిండా రాశాను, తుడిచి మళ్లీ రాశాను. నెలన్నర పాటు వత్తులు నేర్చుకుంటూ, 'అ' వైపు చూస్తూ గడిపాను. ఇంట్లో అన్నం సహించేది కాదు. మా అత్తకు సంగతంతా చెప్పేశాను. కొంగు దులపమని అనడం ఆ రోజుతో మానేసింది.

తొలకరికి గుడ్లు చిట్లాయి. ముందు 'ఇ', తర్వాత 'ఉ', 'ఆ', ఆ సాయంత్రానికి ఐదూ. చీలికలోంచి ముక్కు బయటపెట్టి, రావాలా వద్దా అన్నట్టు ఒక రోజంతా లోకాన్ని చూస్తూ కూర్చున్నాయి. లాగకూడదని, వాటంతటవే రావాలని డాక్టరమ్మ ఆజ్ఞ. 'అ' మాత్రం కదల్లేదు. రెండో రోజూ కదల్లేదు. మధ్యాహ్నం దాటినా నేను అన్నానికి వెళ్లకపోయేసరికి, ఎన్నడూ ఆ గేటు దాటని మా అత్త టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చింది. గది గుమ్మంలోనే ఆగి, మెడ సాచి పెట్టెలోకి చూసింది.

"గదేనా, నువ్వు తిప్పింది?"

"గదే అత్తా. ఇంకా రాలే."

టిఫిన్ డబ్బా కింద పెట్టింది. "తిప్పితివి గదనే. దానికి తల తిరిగి ఉంటది. జర తేరుకోనీ" అంది.

ఏడుస్తున్నదాన్ని నవ్వాను. డాక్టరమ్మ గోడకు ఆనుకుని నవ్వింది. ఆ రోజంతా మా అత్త అక్కడే కూర్చుంది, పెట్టెకు ఆరడుగుల దూరంలో, కాళ్లు ముడుచుకుని. మర్నాడు తనే నాకంటే ముందు బయల్దేరింది. మేం వెళ్లేసరికి 'అ' మీద, సరిగ్గా నా గీత పక్కనే, చిన్న చీలిక. అందులోంచి వేలి గోరంత ముక్కు. "వచ్చింది పురుగు" అని, నాలుక కరుచుకుని, "వచ్చింది పిల్ల" అంది మా అత్త.

పుట్టిన ఆరింటి వివరాలూ డాక్టరమ్మ సర్కారుకు రాసి పంపింది. అవి తినడం నేర్చాక ఐదూ ముందు అనుకున్న ఇళ్లకు వెళ్లిపోయాయి. 'అ'ను మాత్రం తనే ఉంచుకుంది. తర్వాత ఆమె వేరే ఊరికి మారింది. అప్పుడప్పుడు ఫోటో పంపుతుంది. ఇప్పుడది నా మోచేయంత లావు. చీటీ నా దగ్గరే ఉంది, పలక చెక్కకు అంటించి పెట్టుకున్నాను. ఇప్పటికీ నేను రాస్తే వత్తులు అక్షరాల కంటే పెద్దగా పడతాయి, ఎవరూ దాటేయకుండా. అచ్చు వేసేవాళ్లు వాటిని మామూలుగా చేసేస్తారని తెలుసు, చేయనివ్వండి. ఆ పొద్దున పెట్టె ముందు కూర్చుని, గుడ్డు తిప్పి, తన అక్షరం ఎక్కడికి పోయిందా అని వెతుక్కున్న ఆ నలభై ఆరేళ్ల చిన్నపిల్ల కనిపిస్తే మాత్రం, తిట్టను. పక్కన కూర్చుని ఆ మూడో వరస మీద వేలు పెట్టి, కిందున్న వత్తును చూపించి, మెల్లగా చదివిస్తాను.