మా జక్రయ్య అడిగిన పేరు

నరసరావుపేట మిషను బడి ఉపాధ్యాయుడు, మా మరిది కుమారుడు జక్రయ్య చలిజ్వరంతో ప్రభువు సన్నిధికి చేరాడన్న దుర్వార్త ఈ పత్రిక చదువరులకు ఈపాటికి అందే ఉంటుంది. పాకే వయసులో తండ్రిని పోగొట్టుకున్న వాణ్ణి పెంచిన చేతులతోనే ఈ నాలుగు ముక్కలు రాయవలసి రావడం నా దౌర్భాగ్యం. రెండో తరగతితో బడి మానినదాన్ని. తప్పులుంటే పాదిరిగారు దిద్దుతారు.

వాడు సౌమ్యుడు, మితభాషి. సంబంధం కుదుర్చుకునే ముందు జనం వాడి దగ్గరకే వచ్చేవారు. చర్చిలోని బాప్తిస్మపు పుస్తకాలు తిరగేసి, రెండు కుటుంబాలూ ఏ తాత దగ్గర కలుస్తాయో చెప్పేవాడు.

"యుద్ధం రోజుల్లో కిరసనాయిలు ఊరకే వస్తోందంట్రా? దీపం ఖర్చన్నా అడగవేం?" అని కసిరేదాన్ని.

"పేర్లు నావి కావుగా పెద్దమ్మా, అమ్ముకోడానికి" అని నవ్వేవాడు.

ఈ వ్యసనం వాడికి మిషను ఆసుపత్రి దొరసాని వల్ల పట్టింది. ఆమె తాత ఇంగ్లండులో ఒక కుగ్రామంలో అరక దున్నిన కూలివాడట. అయినా ఆ ఊరి చర్చి పుస్తకాలలో ఆమె అతని తండ్రిని, తాతను, ముత్తాతను, వారి పెళ్ళిళ్ళను, సమాధులను వెదికి పట్టుకున్నదట. అది విన్ననాడు జక్రయ్యకు అన్నం సయించలేదు.

"పరాయి అరక దున్నినోడికే అంత వంశం ఉంటే, మనకు లేకుండా పోద్దా పెద్దమ్మా?" అన్నాడు.

మా చర్చి పుస్తకంలో వాడి తాత, అనగా మా మామగారు, బాప్తిస్మంలో పెట్టిన పేరుతోనే ఉన్నారు. అంతకుముందరి పేరు ఎవరూ రాయలేదు. ఆయన తమ్ముడు మతం మారక గురజాల వైపు వెళ్ళిపోయాడు. ఆ తమ్ముడి సంతానాన్ని కళ్ళారా చూడాలని వీడి తపన. మా ఇంటిపేరువాళ్ళు అక్కడ ఊరూరా ఉన్నారు. వెళ్ళి అడిగితే తాత పేరు చెప్పమనేవారు. బాప్తిస్మపు పేరు వాళ్ళకేం తెలుస్తుంది? ఒక అరుగు మీది ముసలాయన, "తాత పేరేందో తెలీకుండానే చుట్టరికానికి వచ్చావా? చానా బాగుందయ్యా!" అని నలుగురిలో గేలి చేశాడట.

ఆ పేరూ, ఆ తమ్ముడి పేరూ ఎరిగి బతికున్నదాన్ని నేనొక్కదాన్నే. కోడలు మామ పేరు గాని, ఆయన తమ్ముడి పేరు గాని ఎత్తరాదని నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే మా అత్తగారు నేర్పింది. దోషం లేదని పాదిరిగారు చెప్పినా నేను వినలేదు.

"నోటితో వద్దులే పెద్దమ్మా, రాసియ్యి" అని జక్రయ్య పలక తెచ్చి నా ముందు పెట్టాడు.

"రాస్తే మాత్రం ఎత్తినట్టు కాదంట్రా? చచ్చినోళ్ళ పేర్లతో నీకేం పని? పో, పోయి పిల్లల లెక్కలు చూసుకో!" అని పలకను వెనక్కి నెట్టాను.

మొన్నటి వానల్లో వాడు మళ్ళీ గురజాలకు బయలుదేరాడు. ఎక్కడ అడుగుతాడోనని, సద్దిమూట ఇస్తూ మొహం తిప్పుకున్నాను.

"ఇంక అడగన్లే పెద్దమ్మా. నిన్ను బాధపెట్టి తెలుసుకునేదేముంది?" అన్నాడు.

ఆ మాటకు నేను సంతోషించాను. వాడు తడిసి, వణుకుతూ తిరిగివచ్చాడు. మంచం పట్టి మరి లేవలేదు.

ఊరివాళ్ళందరి వంశాలూ కలిపినవాడి వంశాన్ని నేను తెగగొట్టాను. మా మామగారి తొలి పేరు చెన్నయ్య. తమ్ముడు గురవయ్య. ఈ రెండు పేర్లూ రాస్తే ఆకాశమేమీ విరిగి నా మీద పడలేదు.

గురజాల వైపు చదువరులెవరైనా ఆ గురవయ్య మనుషులను ఎరిగి ఉంటే, జక్రయ్య అనే బిడ్డ వాళ్ళ కోసం ఊరూరా తిరిగాడని చెప్పండి. వస్తే వాడి సమాధి చూపించి, కడుపునిండా అన్నం పెడతాను. వాళ్ళను నోరారా బాబాయీ, అన్నయ్యా అని పిలవవలసినవాడు మాత్రం మా ఇంట లేడు.