రిపోర్టు నార్మల్, ముద్ద దిగదు

2022 వర్షాకాలం. ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎండోస్కోపీ గదిలో నేను స్టాఫ్ నర్సుని. ఎండోస్కోపీ అంటే నోటి గుండా సన్నని గొట్టం పంపి, దాని చివరనున్న కెమెరాతో కడుపు లోపల చూడడం.

గుండుగొలను నుంచి మరియమ్మగారు భర్త ఏసురత్నంగారితో వచ్చారు. నలభై దాటిన మనిషి. చేపల ప్యాకింగ్ షెడ్డులో పని. ఎనిమిదేళ్లుగా అజీర్తి ఉన్నా పొద్దున్నే ఒక మాత్ర వేసుకుని నెట్టుకొచ్చేవారు. ఇప్పుడు నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోంది, గంటల తరబడి వికారం. మూడు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గారు.

పరీక్షలో పుండు లేదు, వాపు లేదు. డ్యూటీ డాక్టరు రిపోర్టు భర్త చేతిలో పెట్టి, "ఏమీ లేదండీ. అంతా మనసులోనే. పనిలో పడితే అదే పోతుంది" అన్నారు. అంతకుముందు చూసిన ఇద్దరు డాక్టర్లూ ఇదే మాట అన్నారట.

ఏసురత్నంగారు భార్య వైపు తిరిగారు. "విన్నావా? ఇంక నాటకాలు కట్టిపెట్టు."

ఆవిడ కొంగుతో నోరు తుడుచుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టి, ఎప్పట్నుంచి ఇంత ఎక్కువైందని అడిగాను.

"మూడు నెలల కితం ఇంటిల్లిపాదికీ వాంతులు, విరేచనాలు, జొరం వచ్చాయండీ. వాళ్లకి నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. నాకే ఇలాగుండిపోయింది."

"డాక్టరుగారికి చెప్పలేదా అమ్మా?"

"ఎవరూ అడగలేదండీ."

ఫైలు పట్టుకుని డ్యూటీ డాక్టరు దగ్గరకి వెళ్లాను. "సిస్టర్, మీ పని మీరు చూసుకోండి" అన్నారు.

చూసుకున్నాను. శనివారాలు వచ్చే గ్యాస్ట్రో స్పెషలిస్టు దగ్గర పేరు రాయించి, భర్తనీ వెంట రమ్మన్నాను. ఆ స్పెషలిస్టు ఆవిడకి రక్తపరీక్షలు, స్కాన్ చేయించి, వేరే జబ్బేదీ లేదని తేల్చుకున్నాక ఏసురత్నంగారికే చెప్పారు. "ఆ వాంతులు, జ్వరం తెచ్చిన వైరస్ పోయిందండీ. కానీ కొందరికి ఆ తర్వాత కూడా కడుపులో నరాలు చికాకుగానే ఉంటాయి, కదలిక మందగిస్తుంది. ముందే అజీర్తి ఉన్న మనిషి కదా, బాధ రెట్టింపైంది. అది కెమెరాకి కనపడదు. ఆవిడ నటించడం లేదు."

ఏసురత్నంగారు తల దించుకున్నారు. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినడం, కడుపు కదలికకు మందు, నెలల ఓపిక. ఐదు నెలలకు ఆవిడ ఆరు కిలోలు పెరిగారు. పాత అజీర్తి మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు అజీర్తి అంటూ వచ్చిన ప్రతివారినీ, ఈ మధ్య వాంతులూ జ్వరమూ ఏమైనా వచ్చాయా అని అడుగుతాను. అర నిమిషం పడుతుంది. ముగ్గురు డాక్టర్ల దగ్గర మరియమ్మగారికి ఆ అర నిమిషం దొరకలేదు.