వరుస పెట్టి తిట్టు

శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే గాలయ్య మనిషి మంచివాడే, నోరే మంచిది కాదు. అతనిది ఎర్రజెండా. చేపలు పట్టేవాళ్ల సొసైటీలో సాయిలుదీ ఎర్రజెండానే, కాకపోతే వేరే పార్టీ. అందుకే గాలయ్యకు చేపలను అగ్గువకు కొనుక్కుపోయే కాంట్రాక్టరు మీద కన్నా సాయిలు మీదే మంట ఎక్కువ.

ఆ రోజు మీటింగులో గాలయ్య, చేపలను ఇక కొంపల్లిలో మనమే అమ్ముకుందామన్నాడు. ఐస్ పెట్టెలు వచ్చేదాకా కాంట్రాక్టరుకే అమ్ముదామన్నాడు సాయిలు.

"ద్రోహి," అన్నాడు గాలయ్య.

రోజూ ఉండే ఈ లొల్లికి విసిగి ఆడవాళ్లు లేచిపోతుంటే, సొసైటీ పెద్ద బుచ్చవ్వ కర్రతో నేలను తట్టింది.

"ఎవల్నన్న తిట్టాల్నంటే ముందుగాల వరుస పెట్టి పిలువుండ్రి. అటెన్క మీ ఇష్టం."

గాలయ్య పళ్లు కొరుకుతూ, "బావా," అన్నాడు. తర్వాతి మాటకు నోరు రాలేదు. బావను గాడిద అనొచ్చు, దొంగ అనొచ్చు. ద్రోహి అంటే, తనను నోరారా అన్నా అని పిలిచే సాయిలు భార్య ముఖం ఎట్లా చూస్తాడు?

"బావా, నువ్వు జెప్పేది గలత్," అన్నాడు చివరికి.

"ఎట్ల గలతో జెప్పు, బామ్మర్దీ."

ఇన్నేళ్లలో ఎట్లా అని అతన్ని ఎవరూ అడగలేదు. గాలయ్య పోయి సాయిలు పక్కన కూర్చున్నాడు.